ముఖమునకై పుట్టిన కటకము

గడచిన వేసవి సెలవులలో, పూర్వము మాయొద్ద చదువుకొన్న విద్యార్థి యొకడు మాయింటికి వచ్చెను. క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడు. మొదటి నెలల జీతములో మిగిల్చిన సొమ్ముతో కెమెరా నొకదానిని కొనెను. దానికి తగిన కటకమును ఇంకను కొనవలసియుండెను. "మాస్టారూ, మా అమ్మమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె ముఖమును చక్కగా తీయవలెనని యున్నది. మా ఊరి చెఱువుగట్టు మీద నిలుచున్నచో వేసవిలో అర్ధరాత్రి దాటిన పిమ్మట పాలవెల్లి కనబడును. దానిని గూడ తీయవలెనని యున్నది. రెండు కటకములు కొనుటకు నాకు శక్తి లేదు. దేనిని కొనమందురు?" అని అడిగెను.

మేము భాషోపాధ్యాయులము. సంస్కృతమును ఇంగ్లీషును చదువుకొని, పిల్లలకు చదువు చెప్పి జీవించువారము. కటకముల బేరము మా విద్య కాదు. అయినను ఆ రెండు కోరికలును ఒక్క నోట వెలువడుట మాకు వింతగా తోచలేదు. ఛాయాచిత్రవిద్య పుట్టిన మఱుచటి యేడే, అనగా 1840 లో, ఒక్క మనుష్యునికే ఆ రెండు కోరికలును కలిగినవి. అంతేకాదు. మనుష్యుల ముఖములను తీయుటకై లెక్కవేసి చేసిన కటకమే నలువదియేండ్ల అనంతరము ఆకాశమును మనకు చూపినది. ఈ చరిత్రము నెఱిగినచో కటకము నెన్నుకొను మార్గము దానంతట అదియే తెలియును. అందుచేత ఆ పిల్లవానికి నోటితో చెప్పినదానిని కొంత పెంచి ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

మొదట కటకమును గూర్చి రెండు మాటలు. కటకమనగా వెలుతురును పోగుచేయు గాజుబిళ్ల. దాని విషయమున ముఖ్యముగ తెలిసికొనవలసిన కొలతలు రెండు. మొదటిది వ్యాసము, వెలుతురు ప్రవేశించు ద్వారము ఎంత వెడల్పో ఆ కొలత. రెండవది నాభ్యంతరము, మిక్కిలి దూరముననున్న వస్తువుల బింబము కటకమునకు ఎంత వెనుక స్పష్టముగ ఏర్పడునో ఆ దూరము. వ్యాసము హెచ్చినకొలది ఎక్కువ వెలుతురు లోనికి వచ్చును. నాభ్యంతరము హెచ్చినకొలది బింబము పెద్దదగును గాని, వచ్చిన వెలుతురే ఎక్కువ మేర పఱచుకొనుటచేత పలుచనగును. ఒక గిన్నెడు నేతిని రెండు విస్తళ్లలో వడ్డించుటకును ఇరువది విస్తళ్లలో వడ్డించుటకును గల భేదమే యిది. కావున బింబము ఎంత ప్రకాశవంతమగునో ఈ రెండు కొలతల నిష్పత్తి చెప్పును. నాభ్యంతరము వ్యాసమునకు 15 రెట్లున్న కటకము మందమైనది. 4 రెట్లే యున్నది వడిగలది. ఈ ఒక్క నిష్పత్తిని జ్ఞప్తియందుంచుకొన్నచో తక్కిన కథ సులభముగ బోధపడును.

1839 లో ఫ్రాన్సు దేశమున డాగేరు కనిపెట్టిన విధానము లోకమునకు వెల్లడియైనది. వెండిపూత గల రాగిరేకును అయొడిను ఆవిరికి పట్టి, కెమెరాలో నుంచి, పిమ్మట పాదరసపు ఆవిరి తగిలించినచో ఎదుటి దృశ్యము దానిపై నిలుచును. చూచినవారెల్ల ఆశ్చర్యపడిరి. కాని ఆ కెమెరాలకు అమర్చిన కటకము మందమైనది. నాభ్యంతరము వ్యాసమునకు ఇంచుమించు 15 రెట్లు. మంచి యెండలో సైతము చాల నిమిషముల కాలము రేకును తెఱచియుంచవలసియుండెను. మేడలు కదలవు గనుక మేడలు చక్కగ వచ్చెడివి. వీథిలో నడచువారు రేకుపై జాడయైన లేకుండ మాయమయ్యెడివారు. మనుష్యుడు కన్నార్పక, మెడ కదల్పక అంతసేపు కూర్చుండుట సాధ్యమా? అందుచేత లోకమును ఉన్నదున్నట్లు చూపునను ఆ విద్యకు మొదట మనుష్యుడే చిక్కకపోయెను.

అమెరికాలో న్యూయార్కు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడుగ నుండిన జాన్ విలియం డ్రేపరు ఈ విద్యను వెంటనే చేపట్టెను. 1840 లో ఆయన చంద్రునివైపు కెమెరాను త్రిప్పి, ఇరువది నిమిషములసేపు రేకును తెఱచియుంచి, చంద్రబింబమును పట్టెను. ఆ యేడే తన అక్కగారైన డొరొతీ కాథరినును ఎండలో కూర్చుండబెట్టి ముఖచిత్రమును తీసెను. ఆమె 65 సెకండ్లు చలింపక కూర్చుండెనట. పువ్వుల టోపీ ధరించి నిశ్చలముగ ముందునకు చూచుచున్న ఆ ముఖము నేటికిని నిలిచియున్నది. తొలినాటి స్త్రీల ఛాయాచిత్రములలో అది ప్రసిద్ధమైనది. ఈ డొరొతీ చిత్రలేఖనము నేర్పి సంపాదించిన ధనముతో తమ్ముని వైద్యవిద్యకు సాయపడిన స్త్రీ. తమ్ముడు ఆ ఋణమును తీర్చుకొనెనో లేదో మేము చెప్పజాలము గాని, ఆమె ముఖమును మాత్రము కాలము తుడిచివేయకుండ కాపాడెను.

ఇవి రెండును సాహసకృత్యములు. సాధారణులకు అందుబాటు కావలెనన్నచో కటకమే మాఱవలెను. ఆ పని వియన్నాలో జరిగినది. డాగేరు విధానమును పారిసునందు చూచి వచ్చిన ఎట్టింగ్స్‌హౌజెను అను భౌతికశాస్త్రాచార్యుడు తన సహాధ్యాపకుడగు యోజెఫ్ పెట్జ్‌వాలును ఈ పనికి పురికొల్పెను. పెట్జ్‌వాలు 1807 లో, నేడు స్లొవాకియాలో చేరియున్న స్పిష్‌స్కా బేలా అను చిన్న పట్టణమున పుట్టినవాడు. 1837 నుండి వియన్నాలో గణితాచార్యుడు. అంతవఱకు కటకములు చేయువారు గాజును అరగదీసి, చూచి, మఱల అరగదీసి, చేతివాటముచే కుదుర్చుకొనెడివారు. పెట్జ్‌వాలు గాజును ముట్టకమునుపే కాగితముపై లెక్కించెను. ఏ వంపు గల గాజును, దేని వెనుక, ఎంత దూరమున నుంచిన కిరణములు ఎచ్చట కలియునో గణితముచే నిర్ణయించెను. ఆ లెక్కలు ఒక్కనివలన నగునవి కావు. ఫిరంగిదళమున గుండు పడుచోటును గణించుట నేర్చిన సైనికులను కొందఱను ఆర్చిడ్యూకు లూయీ ఆయనకు సాయముగ నిచ్చెను. మనుష్యులను చంపుటకై నేర్చిన గణితము మనుష్యుల ముఖములను నిలుపుటకు వినియోగపడిన ఈ సంగతి మఱవదగినది కాదు.

1840 లో లెక్క ముగిసెను. నాలుగు గాజుబిళ్లలు గల ఆ కటకమునకు నాభ్యంతరము వ్యాసమునకు 3.6 రెట్లు మాత్రమే. పాత కటకముతో పోల్చిచూచిన బింబము పదియాఱు రెట్లకు పైగ ప్రకాశవంతమాయెను. పాతదానికి పదిహేను నిమిషములు పట్టినచోట దీనికి నిమిషము లోపలనే చాలును. వియన్నాలోని ఫోయిగ్ట్‌లాండరు అను కటకశిల్పి దీనిని తయారుచేసి అమ్మెను. కొలది యేండ్లలోనే యూరపు అమెరికా పట్టణములందు ముఖచిత్రశాలలు వెలసెను. అంతవఱకు రూపము నిలుపుకొను భాగ్యము చిత్రకారునకు వేతనమీయగల ప్రభువులదే. ఇప్పుడు చిల్లరదుకాణమువాడును, పాఠశాలోపాధ్యాయుడును, పసిబిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లియు అద్దమువంటి చిన్న రేకుపై నిలువగలిగిరి.

ఈ ఉపకారమునకు పెట్జ్‌వాలు పొందినది స్వల్పము. ఫోయిగ్ట్‌లాండరు ఆయనకు ఒక్కమాఱుగ రెండువేల గుల్డెనులిచ్చి సరిపెట్టెనట. ఆస్ట్రియా వెలుపల దానికి హక్కు పత్రములు లేకుండుటచే ఎవరికి తోచినట్లు వారు అనుకరించిరి. ఇరువురకు విరోధము ప్రబలెను. 1859 లో పెట్జ్‌వాలు ఇంట దొంగలు పడి ఆయన వ్రాతలు నాశనమైనవని చెప్పుదురు. కటకశాస్త్రమునుగూర్చి ఆయన వ్రాయదలచిన మహాగ్రంథము వెలుగుచూడలేదు. 1891 లో ఆయన మరణించెను. తన కటకము ఆకాశమున చేయుచున్న పని అప్పటికే యారంభమైయుండెను.

ఆ పనిని చెప్పకమునుపు మన యిండ్ల సంగతి కొంత చెప్పవలెను. ఛాయాచిత్రము తీయించుకొన్న ఆయుస్సు క్షీణించునను నమ్మకము మన తెలుగు ఇండ్లలో చిరకాలమున్నది. మా నాయనమ్మగారు ఆ నమ్మకము గలవారు. ఆమెయున్న చిత్రము మాయింట ఒక్కటియే కలదు. అది ఒక వివాహసమయమున తీసిన కుటుంబచిత్రము. అందఱును కెమెరావైపు చూచుచుండగ, రెండవ వరుసలో చివర నొక ముతకచీర చెఱగును, దానిని పట్టుకొన్న చేయియు కనబడును. అదియే మా నాయనమ్మగారు. మా పిల్లలు ఆమె పోలిక ఎవరికి వచ్చినదని అడుగుదురు. ఆ చేతిని చూపుటకంటె మేము చేయగలిగినది లేదు.

నమ్మకమొకటియే కాక ఘోషాయు స్త్రీల ముఖములకు అడ్డుగోడగ నుండెను. ఈ చిక్కునకు మన హైదరాబాదులోనే ఒకరు ఉపాయమును వెదకిరి. ఆఱవ నిజాము మహబూబ్ ఆలీఖానుని ఆస్థానఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదునందు చిత్రశాలను నెలకొల్పిన రాజా దీనదయాళు 1892 లో హైదరాబాదున స్త్రీలకొఱకు ప్రత్యేకముగ నొక జెనానా చిత్రశాలను తెఱచెను. అందు చిత్రములు తీయు పనిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించెను. పురుషులు లోనికి పోరాదు. ఘోషా తప్పని స్త్రీలును తమ రూపమును తమ బిడ్డలకు మిగిల్చిపోవుటకు వీలు కలిగెను. ఘోషాను తొలగించుట వేఱు, ఘోషాలోనే ఒక కిటికీని తెఱచుట వేఱు అని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కాని తల్లి ముఖమెఱుగని సంతానమునకు ఆ కిటికీ విలువ తెలియును.

ఇక ఆకాశము. నక్షత్రముల నుండి వచ్చు వెలుతురు అత్యల్పము. 1850 లో అమెరికాలోని హార్వర్డు పరిశోధనాలయమున బాండును, విపిలును 15 అంగుళముల దూరదర్శనితో అభిజిత్తును రేకుపై పట్టిరి. మిక్కిలి ప్రకాశముగల ఆ నక్షత్రమునకే 100 సెకండ్లు పట్టినది. మసకచుక్కల మాట చెప్పనేల? ఎక్కువసేపు తెఱచియుంచుదమన్నచో మఱియొక యాటంకము. తరువాత వాడుకకు వచ్చిన ఫలకములను తడిగ నుండగనే కెమెరాలో నుంచి, తడియాఱకమునుపే కడుగవలెను. అందుచేత కొలది నిమిషములకంటె గడువు లేదు. 1871 లో మాడాక్సు అను ఆంగ్లవైద్యుడు జెలటినుతో పొడిఫలకములను చేయు మార్గమును చూపెను. మఱి కొన్ని యేండ్లకు అవి మిక్కిలి సున్నితములై అంగళ్లలో దొరకజొచ్చెను. పొడిఫలకమును గంటలతరబడి తెఱచియుంచవచ్చును. కన్ను ఎంతసేపు చూచినను మొదటి క్షణమున కనబడినదానికంటె అంతగ ఎక్కువ చూడజాలదు. ఫలకమో, బొట్టుబొట్టుగ పడు వానను కుండ నింపుకొన్నట్లు, వెలుతురును కూడబెట్టుకొనును. 1880 లో హెన్రీ డ్రేపరు మృగశిరలోని నీహారికను మొదటిసారి ఫలకముపై పట్టెను. ఈయన, చంద్రుని పట్టిన జాన్ విలియం డ్రేపరు కుమారుడు, డొరొతీకి మేనల్లుడు.

1882 లో మహాధూమకేతువొకటి దక్షిణాకాశమున పగటివేళ సైతము కనబడునంత తేజముతో వెలిగెను. దక్షిణాఫ్రికాలోని కేపు పరిశోధనాలయాధిపతి డేవిడ్ గిల్లు దానిని చిత్రించదలచెను. ఆయన దూరదర్శని ఇందుకు తగినది కాదు. ఆ ప్రాంతపు ఛాయాచిత్రకారుడొకడు తన కెమెరాను తెచ్చి యిచ్చెను. దానికున్నది ముఖచిత్రములు తీయు కటకమే. వ్యాసము రెండున్నర అంగుళములు, నాభ్యంతరము 11 అంగుళములు. కెమెరాను దూరదర్శనికి కట్టి, భూభ్రమణమునకు తగినట్లు త్రిప్పుచు చిత్రములు తీసిరి. తోకచుక్క చక్కగ వచ్చెను. కాని గిల్లును ఆశ్చర్యపఱచినది తోకచుక్క కాదు. దాని చుట్టును, దాని తోక గుండను కనబడిన అసంఖ్యాకములగు నక్షత్రములు. ఆకాశమునంతటిని ఈ రీతిగ పటము వ్రాయవచ్చునుగదా యని ఆయనకు తోచెను. ఆ తలంపు నుండి దక్షిణాకాశ నక్షత్రపట్టిక పుట్టెను. గిల్లు తీయించిన ఫలకములను హాలండు దేశస్థుడగు కాప్టైను సంవత్సరములతరబడి కొలిచి 4,54,875 నక్షత్రముల స్థానములను నిర్ణయించెను.

ఈ కథకు నాయకుడని చెప్పదగినవాడు ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డు. ఆయన 1857 లో అమెరికాలోని నాష్‌విల్లు పట్టణమున పుట్టెను. తండ్రి, బిడ్డ పుట్టకమునుపే గతించెను. తల్లి కడుపేద. బడిలో రెండు నెలలకు మించి చదువలేదు. తొమ్మిదియేండ్లయిన నిండకమునుపే ఒక ముఖచిత్రశాలలో కూలికి కుదిరెను. ఆ శాల మిద్దెపై సూర్యకాంతితో చిత్రములను పెద్దవి చేయు పెద్ద యంత్రముండెను. సూర్యుడు జరిగినకొలది దానిని జరుపుచు రోజంతయు ఎండలో నిలుచుండుట ఆ బాలుని పని. ఆ కొలువున పదునేడేండ్లు గడచెను. వెలుతురును ఓర్పుతో వెంబడించుట ఆయనకు పసితనముననే అలవడినది. తరువాత తన కష్టార్జితముతో దూరదర్శని కొని తోకచుక్కలను కనిపెట్టి, వానికై ప్రకటింపబడిన బహుమానములతో ఇల్లు కట్టుకొనెను. 1888 లో కాలిఫోర్నియాలోని లిక్కు పరిశోధనాలయమున ఉద్యోగమునకు చేరెను.

లిక్కులో అప్పటికి లోకమున పెద్దదైన 36 అంగుళముల కటకపు దూరదర్శని కలదు. కాని దాని నాభ్యంతరము వ్యాసమునకు 19 రెట్లు. ఒక్కొక్క నక్షత్రమును చూచుటకు అది అమోఘమే గాని, పాలవెల్లివంటి పఱచుకొన్న వెలుతురునకు మందమైనది. అదియుగాక ఆకాశమున మిక్కిలి చిన్న తునకనే చూపును. బార్నార్డు 1889 లో ఎన్నుకొన్నది ఆ మహాయంత్రమును గాదు. ఒక ముఖచిత్రశాలలో వాడి అమ్మివేయగ కొన్న విల్లార్డు కటకమును. 6 అంగుళముల వ్యాసము, 31 అంగుళముల నాభ్యంతరము. నిష్పత్తి అయిదు. పెట్జ్‌వాలు మార్గమున చేసినదే. దానిని ఒక చిన్న దూరదర్శనికి కట్టి, ఒక నక్షత్రముపై కన్నుంచి, అది తప్పిపోకుండ చేతితో సవరించుకొనుచు మూడేసి గంటలు కూర్చుండెను. ఫలకమును కడిగిచూడగ పాలవెల్లి మబ్బులు మబ్బులుగ, పాయలు పాయలుగ ప్రత్యక్షమాయెను. నడుమ నల్లని సందులును కనబడెను. అవి నక్షత్రములు లేని రంధ్రములని ఆయన చాలకాలము తలంచెను. పిమ్మట, వెనుకనున్న వెలుతురును మఱుగుపఱచు నల్లని మేఘములే యని అంగీకరించి, 1919 లో అట్టివి 182 ఏర్చి పట్టికను ప్రకటించెను. నేడు ఆ నల్లని ధూళిమేఘములయందే క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవని శాస్త్రజ్ఞులు నిశ్చయించియున్నారు. పెండ్లికూతుండ్ర ముఖములను పట్టు జాతి కటకమే నక్షత్రముల పురిటిగదిని చూపినది.

హార్వర్డు పరిశోధనాలయమున జరిగినదియు ఇట్టిదే. అచ్చట బేషు దూరదర్శని యను 8 అంగుళముల యంత్రములోని కటకము మొదట ఫోయిగ్ట్‌లాండరు చేసిన ముఖచిత్రకటకము. దానిని ఆకాశమునకు తగునట్లు మఱల అరగదీయించిరి. దానితో తీసిన ఫలకములను భూతద్దముతో పరీక్షించుటకు స్త్రీలను నియమించిరి. వారిలో మొదటివారిలో నొకతె విలియమీనా ఫ్లెమింగు. స్కాట్లండున ఉపాధ్యాయినిగ నుండి, భర్తతో అమెరికాకు వచ్చి, గర్భవతిగ నుండగ భర్తచే విడువబడి, పరిశోధనాలయాధిపతి పికరింగు ఇంట దాసిగ కుదిరిన స్త్రీ ఈమె. 1888 లో తీసిన ఒక ఫలకముపై మృగశిర ప్రాంతమున గుఱ్ఱపు తలవంటి నల్లని మచ్చను మొదట చూచినది ఈమెయే. కాని ఆ పిమ్మట కూర్చిన నీహారికల పట్టికలో ఆ కీర్తి పికరింగు పేర చేరినది. తరువాతి పట్టికలో గాని ఆమె పేరు రాలేదు. అచ్చటనే హెన్రియెట్టా లీవిట్టు, పెరూ దేశమున 24 అంగుళముల బ్రూసు కటకముతో తీసిన ఫలకములను పరీక్షించి, 25 నక్షత్రముల కాంతి హెచ్చుతగ్గుల కాలమునకును వాని ప్రకాశమునకును గల సంబంధమును 1912 లో ప్రకటించెను. ఆ సంబంధమే నక్షత్రమండలముల దూరములను కొలుచుటకు కొలబద్ద యాయెను. ఆ ఫలకములు లేనిచో ఈ స్త్రీలకు ఆకాశమును చూచు మార్గమే యుండెడిదికాదు. అక్కడ రాత్రివేళ దూరదర్శనియొద్ద కూర్చుండు పని నాడు సాధారణముగ పురుషులదే. ఫలకము ఆకాశమును పగటివేళ బల్లమీదికి తెచ్చినది.

గిల్లు తలంపు మన హైదరాబాదువఱకును వచ్చినది. 1887 లో పారిసునందు కూడిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమును వంతులుగ పంచుకొని పటము వ్రాయ నిశ్చయించిరి. పదునెనిమిది పరిశోధనాలయములు పనికి పూనుకొనెను. తమకు వలసినది కొలతలు గనుక వారు వడిగల ముఖచిత్రకటకమును గాక, కొంచెము మేరనే చూపినను అంచువఱకు నిజముగ చూపు పొడుగుపాటి కటకమును ఎన్నుకొనిరి. దక్షిణ అమెరికాలోని సాంటియాగోకు వచ్చిన వంతు అచ్చట సాగలేదు. ఆ భాగము, అనగా ఖగోళమధ్యరేఖకు దక్షిణమున 17 అంశములనుండి 23 అంశములవఱకు గల పట్టె, నిజామియా పరిశోధనాలయమునకు సంక్రమించెను. నవాబు జఫర్ జంగు 1901 లో హైదరాబాదున నెలకొల్పిన సంస్థ అది. ఆయన గతించిన పిదప నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటయందు నిలిపినది. అచ్చటి 8 అంగుళముల కటకముతో పోకాకు, భాస్కరను మొదలగు అధికారుల క్రింద రాత్రివెంట రాత్రి ఫలకములు తీసి, చుక్కవెంట చుక్క కొలిచి, పండ్రెండు సంపుటములుగ అచ్చువేసిరి. దీనదయాళు ముఖచిత్రములు తీసిన పట్టణముననే ఆకాశపు ముఖచిత్రమును వ్రాయబడెను. ఈ రెంటిలో ఒకదానిని ఎఱిగినవారు రెండవదానిని ఎఱుగకుండుట మన చదువులలోని లోపము.

ఇప్పుడు ఎన్నిక సంగతికి వత్తము. పెట్జ్‌వాలు కటకమున నొక దోషము కలదు. దాని బింబము సమతలముగ గాక, గిన్నె లోపలి తట్టువలె వంపుగ ఏర్పడును. ఫలకము చదునుగదా! అందుచే నడుమ సూదిమొనవలె స్పష్టముగ నుండి అంచులవైపు మసకబాఱును. ముఖచిత్రమున నిది గుణమే. కన్నులు నిలిచి, చుట్టునున్న గోడయు తెరయు కరగిపోవును. ఆకాశచిత్రమున నిదియే దోషము. అంచుననున్న చుక్కలు చుక్కలుగ గాక ఱెక్కలు గల పురుగులవలె కనబడును. కటకమునకు గుణదోషములు స్వతఃసిద్ధములు గావు. వలసిన పనినిబట్టి గుణమే దోషమగును.

నేటి కెమెరాలలో ఫలకమునకు బదులు విద్యుత్సాధనమొకటి వెలుతురును గ్రహించును. దాని పూర్తి పరిమాణము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు అనుకొందము. ముఖమునకు 85 మిల్లీమీటర్ల ప్రాంతపు నాభ్యంతరము మేలని అనుభవజ్ఞులందురు. దగ్గఱ నిలుచుండి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. అది కటకపు తప్పు గాదు, మనము నిలుచున్న దూరపు తప్పు. నాభ్యంతరము హెచ్చుగ నున్నచో ఆఱేడడుగుల దూరమున నిలిచియే ముఖమును నిండుగ తీయవచ్చును. పాలవెల్లికి దీనికి వ్యతిరేకము. విశాలమైన ఆకాశము ఇమిడించుటకు 14 మొదలు 24 మిల్లీమీటర్ల నాభ్యంతరమును, వడిగల నిష్పత్తియు కావలెను. భూమి గంటకు 15 అంశములు తిరుగుచుండుటచే, కదలని ముక్కాలిపీటపై నుంచిన కెమెరాలో చుక్కలు త్వరలోనే గీతలగును. 500 ను నాభ్యంతరపు మిల్లీమీటర్లతో భాగించినచో ఎన్ని సెకండ్లు తెఱచియుంచవచ్చునో స్థూలముగ తెలియును. 24 మిల్లీమీటర్లకు ఇంచుమించు 20 సెకండ్లు. 85 మిల్లీమీటర్లకు 6 సెకండ్లు మాత్రమే.

రెంటికిని ఒక్కటియే కొనవలసిన పేదవానికి మేము చెప్పినదిది. నాభ్యంతరము 50 మిల్లీమీటర్లు, నిష్పత్తి 1.8 గల కటకము అన్నిటికంటె చౌకవానిలో నొకటి, మిక్కిలి వడిగలది. అమ్మమ్మ ముఖమును కిటికీ వెలుతురున, నాలుగైదడుగుల దూరమునుండి తీయవచ్చును. ఆకాశమునకు పది సెకండ్లకు లోపల తెఱచి, ఒకే భాగమును పలుమాఱు తీసి, ఆ చిత్రములను కంప్యూటరుచే ఒకదానిపై నొకటి కూర్చవచ్చును. పాలవెల్లి అంతయు రాదు. ఒక పాయ వచ్చును. ద్వారమును కొంచెము ముడిచినచో అంచు చుక్కలు బాగుపడును. కటకమెట్టిదైనను చెఱువుగట్టు చీకటిగ నుండవలెను. పట్టణదీపముల నడుమ ఎంత వెలగల కటకమైనను నిరర్థకము. హైదరాబాదు పెరిగి దీపములు హెచ్చిన పిదప అచ్చటి జ్యోతిశ్శాస్త్రజ్ఞులే పట్టణము విడిచి జాపాలు రంగాపురమున క్రొత్త దూరదర్శనిని నిలుపుకొనిరి.

రెండు నెలలకు ఆ పిల్లవాడు రెండు చిత్రములను పంపెను. ఒకదానిలో పాలవెల్లి పాయయు, దానిలో నొక నల్లని చీలికయు స్పష్టముగ నున్నవి. మూలలనున్న చుక్కలకు కొంచెము ఱెక్కలు వచ్చినవి. రెండవదానిలో అమ్మమ్మ. మొదట ఆమెయు చెఱగు ముఖమునకు అడ్డము పెట్టుకొని, "ఇప్పుడెందుకురా, ఆయుస్సు తగ్గును" అనెనట. "ఇంకెంత తగ్గవలెనే అమ్మమ్మా" యని మనుమడనగ ఆమె నవ్వెనట. ఆ నవ్వే చిత్రమున నిలిచినది. ముడుతలు ఒక్కటియు పోలేదు; వెనుకనున్న గోడ మాత్రము కరగిపోయినది.

ఆ చిత్రమును మా పిల్లలకు చూపితిమి. వారు దానిని చాలసేపు చూచి, మా కుటుంబచిత్రమును గోడనుండి దించి తెచ్చి, రెండవ వరుస చివరనున్న చేతిని మఱల చూచిరి. ఇంట పెద్దవారున్న పాఠకులు ఈ వ్యాసమును ముగించి మొదట చేయవలసిన పని యేదో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. అందులకు గొప్ప కటకమును అక్కఱలేదు. చేతిలోని ఫోనే చాలును. పాలవెల్లి వచ్చు వేసవికిని ఉండును.